‘అందంగా ఉంది’ తర్వాత ఏం రాయాలి?

కళా మానవశాస్త్రం కోర్సు చదువుతున్నవాళ్ల ఉత్తరాలు ఈసారి చాలా వచ్చాయి. ఇంచుమించు అందరి బాధా ఒక్కటే: క్లాసులో పాఠం అర్థమవుతోంది, అసైన్‌మెంట్ దగ్గర కూర్చుంటే చెయ్యి ఆడట్లేదు. అందరికీ పనికొచ్చే ఆరు ప్రశ్నలను తీసుకున్నాం.

ప్రశ్న: మ్యూజియంలో ఏదైనా ఒక్క వస్తువును ఎంచుకుని వెయ్యి పదాల్లో వర్ణించమన్నారు. ఉత్తర అమెరికా వాయవ్య తీరానికి చెందిన బొమ్మలు చిత్రించిన చెక్కపెట్టెను ఎంచుకున్నాను. ‘చాలా అందంగా, సంప్రదాయబద్ధంగా ఉంది’ అని రాశాక ముందుకు సాగట్లేదు. ఒక్క పెట్టెకు వెయ్యి పదాలా?

జవాబు: ముందు ఆ పెట్టెను గీయండి. వెయ్యి పదాలు చాలవని అప్పుడు మీరే అంటారు. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు, మార్కులు దానికి కాదు. ఫోటో తీస్తే కన్ను ఒక్క క్షణమే ఆగుతుంది. గీసేటప్పుడు మాత్రం ప్రతి గీత దగ్గరా ‘ఇది ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది’ అని చూసుకోక తప్పదు. తెల్ల కాగితం, పెన్సిలు (చాలా గ్యాలరీల్లో పెన్ను ఒప్పుకోరు), 20 నిమిషాలు చాలు. ఫోటోలు ఆ తర్వాతే: నాలుగు పక్కలు, మూత, వీలైతే అడుగు, చివరికి లేబుల్. లేబుల్ ఫోటో మరిచిపోయి మళ్లీ మ్యూజియంకు పరుగెత్తేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

రాసేటప్పుడు దేనితో చేశారు, ఎలా చేశారు, ఎంత ఉంది, పైభాగం ఎలా ఉంది, ఎక్కడ అరిగింది అన్న వరుసలో వెళ్లండి. మీద ఏం బొమ్మ ఉందన్నది వీటన్నిటి తర్వాతే. బొమ్మతో మొదలుపెట్టారా, వస్తువును వదిలేసి కథలోకి జారిపోతారు.

మీ పెట్టెనే తీసుకుందాం. దాని మూలలు చూడండి. ఇలాంటి పెట్టెల్లో నాలుగు పక్కలూ ఒకే పలక. పలకకు మూడు చోట్ల గాడి తీసి, ఆవిరి పట్టి, ఆ గాళ్ల దగ్గర వంచుతారు. నాలుగో మూలలో మాత్రం రెండు కొసలూ కలుస్తాయి కాబట్టి అక్కడ మేకులు దిగ్గొట్టో, తాడుతో కుట్టో బిగిస్తారు. మూడు మూలలు మడత, ఒక మూల అతుకు. ఈ ఒక్క సంగతి గమనించి రాస్తే వంద పదాలు వచ్చినట్టే, పైగా మీరు నిజంగా చూశారని దిద్దేవారికి తెలిసిపోతుంది.

ఇక గీతలు. తీరపు ఉత్తర భాగంలోని క్లింగిట్, హైడా, సింషియన్ ప్రజల చిత్రాల్లో ఒక గట్టి వ్యాకరణం ఉందని కళాచరిత్రకారుడు బిల్ హోమ్ 1965లో విశ్లేషించి చూపాడు. లావు సన్నాలు మారుతూ ఎక్కడా తెగకుండా సాగే ప్రధాన రేఖ సాధారణంగా నలుపు. దాని లోపలి వివరాలు ఎరుపు. ఇంకా లోపల మిగిలిన చోట్ల నీలం లేదా నీలిపచ్చ. మూలలు గుండ్రంగా తిరిగిన కోడిగుడ్డు లాంటి ఆకారం కళ్లకూ కీళ్లకూ వస్తుంది. చెవులకు, ఈకలకు ‘యు’ ఆకారం. మీ పెట్టె మీద ఈ మూడు రంగులూ ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తిస్తూ వెళ్లండి. ఎదుటి పక్కన ఒకే జంతువు రెండు పక్క ముఖాలుగా చీలి, ముక్కు దగ్గర కలుస్తున్నట్టుంటే అది మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ వివరించిన ‘చీలిక చిత్రణ’. జంతువును నిలువునా కోసి రెండు వైపులా పరిచినట్టు గీయడమన్నమాట.

ఒక్క తప్పు చేయకండి. ‘పక్షి ఉంది కాబట్టి స్వేచ్ఛకు ప్రతీక’ అని రాసేయకండి. ఆ తీరంలో కాకి, డేగ వంటి చిహ్నాలు చాలావరకు వంశాల ఆస్తి. వాటిని ఎవరు చూపవచ్చో, ఎవరు చూపకూడదో కట్టడి ఉంటుంది. అక్కడ ‘దీని అర్థమేమిటి’ కన్నా ‘ఇది ఎవరిది’ అన్న ప్రశ్నకే ఎక్కువ జవాబు దొరుకుతుంది.

ప్రశ్న: ఆల్ఫ్రెడ్ జెల్ సిద్ధాంతం మీద రాసిన వ్యాసాన్ని ‘ఇది సారాంశమే, విశ్లేషణ కాదు’ అని తిప్పి పంపారు. సిద్ధాంతాన్ని వస్తువుకు ఎలా అన్వయించాలి?

జవాబు: బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జెల్ 1997లో చనిపోయాడు. ఆయన ప్రధాన గ్రంథం ‘ఆర్ట్ అండ్ ఏజెన్సీ’ 1998లో వెలువడింది. చివరి మెరుగులు పడని పుస్తకం కాబట్టి దాన్ని మొదటి నుంచి చివరి దాకా కుదించడం మొదలుపెడితే మీరు తేలరు. మీకు కావలసింది నాలుగు స్థానాలు, ఒక ప్రశ్న.

నాలుగు స్థానాలు ఇవి: ఎదురుగా ఉన్న వస్తువు (ఆయన దీన్ని సూచిక అంటాడు), దాన్ని చేసిన కళాకారుడు, దాన్ని అందుకునే గ్రహీత, అది ఎవరి రూపమో ఆ మూలం. ప్రశ్న: ఈ నలుగురిలో ఎవరు ఎవరి మీద పనిచేస్తున్నారు? ఇక్కడ తెలుగు చదువుకున్నవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. జెల్ చెప్పే రెండు పాత్రలు మన వ్యాకరణంలోని కర్త, కర్మలే. ‘రాముడు చెట్టును కొట్టెను’లో కర్త ఎవరో బళ్లోనే నేర్చుకున్నాం. ఈ కర్మకు పూర్వజన్మతో పని లేదు. క్రియా ఫలం ఎవరి మీద పడిందో అదే కర్మ.

ఉదాహరణకు పాపువా న్యూగినియాకు చెందిన ట్రోబ్రియాండ్ దీవుల పడవ ముందుభాగపు చెక్కడపు పలక. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో మెలికలు తిరిగిన పని. ఈ పడవల్లో ఎరుపు చిప్పల హారాలు, తెల్ల చిప్పల కంకణాలు దీవి నుంచి దీవికి చేతులు మారే ‘కులా’ అనే మార్పిడి యాత్రకు వెళతారు. ఒడ్డున నిలబడ్డ అవతలి భాగస్వామి ముందు చూసేది ఈ పలకనే. ‘ఇంత పని మనిషి చేతికి ఎలా సాధ్యం’ అని అతని మనసు తడబడుతుంది. ఇంతటి పనితనం వెనుక అంతటి మంత్రశక్తి ఉండాలని అనుకుంటాడు. పట్టు సడలుతుంది, మంచి హారం చెయ్యి జారుతుంది. జెల్ వాదం ఇదే. దీన్నిప్పుడు స్థానాల్లో పెట్టండి. పలక, దాని వెనుక చెక్కినవాడి నైపుణ్యం కర్త. ఒడ్డున ఉన్న గ్రహీత కర్మ. మూలం ఇక్కడ దాదాపు పనిలో లేదు. అది లేదని రాయడం కూడా విశ్లేషణే.

అదే పద్ధతిలో కాంగో ప్రాంతపు మేకుల బొమ్మను చూస్తే లెక్క తారుమారవుతుంది. చెక్కినవాడు ఒకడు. పొట్టలో మందు పెట్టి, తరచు దాని మీద అద్దం బిగించి శక్తి నింపే న్గంగా (మాంత్రిక వైద్యుడు) మరొకడు. ఒప్పందానికో ప్రమాణానికో సాక్ష్యంగా మేకు దించేవాళ్లు ఇంకొందరు. మేకు దిగేటప్పుడు బొమ్మ కర్మ. మాట తప్పినవాణ్ణి వెంటాడేటప్పుడు అదే బొమ్మ కర్త. ఒంటి మీద ఉన్న ప్రతి మేకూ ఒక సంఘటన. ఇక్కడ కళాకారుడి స్థానం ఎంత పలచబడిందో గమనించండి: పై పలకలో అంతా చెక్కినవాడి పనితనమే, ఇక్కడ చెక్కినవాడి పేరు ఎవరికీ అక్కర్లేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా ఎందుకొచ్చిందో వాదించండి. సారాంశమన్న మాట ఇక రాదు.

విద్యార్థులు జారిపడే చోట్లు రెండు. మొదటిది, ‘వస్తువుకు ప్రాణముందని జెల్ అన్నాడు’ అని రాయడం. ఆయన అనలేదు. మనుషులు వస్తువుల వెనుక సంకల్పాన్ని ఊహిస్తారని, వాటితో మనుషులతో వ్యవహరించినట్టే వ్యవహరిస్తారని అన్నాడు. రెండోది, ఆ ఊహకు ఆయన వాడిన ‘అబ్డక్షన్’ అన్న మాటను మన తర్కశాస్త్రంలోని ‘అనుమానం’ (ఆధారాన్ని బట్టి నిశ్చయంగా తెలుసుకోవడం)తో ఒకటి చేయడం. పొగను చూసి నిప్పును తెలుసుకోవడం రెండింటికీ ఉదాహరణే. కానీ తర్కశాస్త్రంలో పొగకూ నిప్పుకూ విడదీయరాని సంబంధం ముందే స్థిరపడి ఉండాలి. జెల్ చెప్పేది అంత గట్టిది కాదు. ‘పొగలా ఉంది, నిప్పుండవచ్చు’ అనే తాత్కాలిక ఊహ. మాటవాడుకలో మనం అనుమానం అంటామే, దానికే దగ్గర!

ఆయన మీద ఉన్న విమర్శను కూడా ఒక పేరాలో రాయండి. సౌందర్యాన్ని, అర్థాన్ని పక్కకు నెట్టేశాడని హవర్డ్ మార్ఫీ వంటివాళ్లు వాదించారు. ఆస్ట్రేలియా యోల్ఙు చిత్రకారులు సన్నని అడ్డగీతలతో తెచ్చే తళతళను తమ భాషలో బిర్‌యున్ అంటారు, అది పూర్వీకుల శక్తికి గుర్తు. ఆ తళతళ ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే వాళ్లు దాన్ని ఎలా ఆస్వాదిస్తారో, ఎలా అర్థం చేసుకుంటారో తెలియాలి కదా అన్నది విమర్శ సారం. న్యాయమైన విమర్శే.

ప్రశ్న: వ్యాసంలో ‘ఆదిమ కళ’ అనవచ్చా? పాత పుస్తకాలన్నిటిలో ఆ మాటే ఉంది.

జవాబు: పాత పుస్తకం పేరులో ఉంటే అలాగే ఉంచండి. బోయాస్ 1927 గ్రంథం పేరే అది. మీ సొంత వాక్యంలో మాత్రం వద్దు. ఆ మాట వేల మైళ్ల దూరంలో ఉన్న, ఒకరితో ఒకరికి సంబంధం లేని ప్రజలను ఒకే గాటన కడుతుంది. అంతకన్నా చెడ్డ పని, వాళ్లను కాలం లేనివాళ్లను చేస్తుంది. 1984లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం పికాసో వంటివారి పనుల పక్కన ఆఫ్రికా, ఓషియానియా వస్తువులను పెట్టి పెద్ద ప్రదర్శన జరిపినప్పుడు విమర్శకులు పట్టుకున్నది దీన్నే: ఒక పక్క పేరూ సంవత్సరమూ, మరో పక్క జాతి పేరు మాత్రమే.

ప్రజల పేరు, చోటు, తెలిసినంతవరకు కాలం రాయండి. ‘అజ్ఞాత కళాకారుడు’ అనే బదులు ‘సేకరించినవారు పేరు రాసుకోలేదు’ అనండి. తప్పు ఎవరిదో తేలుతుంది.

ప్రశ్న: ‘వస్తువు జీవితచరిత్ర’ రాయమన్నారు. బెనిన్ ఇత్తడి ఫలకాన్ని తీసుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు పటం సరిచూసుకోండి. బెనిన్ రాజ్యపు రాజధాని నేటి నైజీరియాలోని బెనిన్ సిటీ. బెనిన్ అనే దేశం వేరే. ఈ పొరపాటు మొదటి పేరాలోనే దొర్లితే మిగతాదంతా అనుమానంగానే చదువుతారు. రెండోది, లోకమంతా ‘బెనిన్ కంచు’ అని పిలిచినా ఎక్కువ ఫలకాలు ఇత్తడివి. మీరు ఇత్తడి అనే రాశారు, సంతోషం.

వస్తువుకు కూడా మనిషిలాగే పుట్టుక, వృత్తి, మలుపులు, వార్ధక్యం ఉంటాయని మానవశాస్త్రవేత్త కొపిటాఫ్ 1986లో ప్రతిపాదించాడు. దాన్ని అలంకారంగా వాడి వదిలేయకుండా ఐదు నిలువు గళ్ల పట్టిక గీయండి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతిలో, అప్పుడు దాన్ని ఏమని పిలిచారు, దీనికి ఆధారమేమిటి. ఐదో గడి ఖాళీగా ఉంటే ఆ వరుసను వ్యాసంలో వాస్తవంగా రాయకూడదు.

మీ ఫలకానికి వరుసలు ఇలా వస్తాయి. 16, 17 శతాబ్దాల్లో రాజు, అంటే ఓబా, కోసం పనిచేసే పోతపనివాళ్ల శ్రేణి మైనపు అచ్చు కరిగించే పద్ధతిలో పోసింది. లోహంలో కొంత యూరప్ వర్తకులు తెచ్చిన కడియాలను కరిగించినదే. అంచుల్లో మేకు రంధ్రాలుంటాయి, ఎందుకంటే అవి రాజభవనపు స్తంభాలకు బిగించినవి. 1897 నాటికి స్తంభాల మీద లేవు, తీసి ఒకచోట నిల్వచేశారు. అంటే దోపిడీకి ముందే వాటి జీవితంలో ఒక మలుపు జరిగిపోయింది. చాలా వ్యాసాలు ఈ వరుసను దాటేసి స్తంభం మీంచి నేరుగా ఓడలోకి ఎక్కిస్తాయి. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేన నగరాన్ని పట్టుకుని రాజభవనాన్ని కొల్లగొట్టింది. తర్వాత కొన్ని బ్రిటిష్ మ్యూజియంకు, మిగిలినవి అమ్మకాల ద్వారా యూరప్, అమెరికా సంగ్రహాలకు చేరాయి. 2022లో జర్మనీ యాజమాన్య హక్కును నైజీరియాకు బదలాయించడానికి ఒప్పుకుని, ఆ డిసెంబరులో 20 వస్తువులను అప్పగించింది.

మ్యూజియం రిజిస్టరు నంబరు చదవడం నేర్చుకోండి. బ్రిటిష్ మ్యూజియంలో చాలా ఫలకాల నంబర్లు ‘ఏఎఫ్1898,0115’తో మొదలవుతాయి. ఆఫ్రికా విభాగం, 1898 జనవరి 15న నమోదైన దొంతర అని అర్థం. అది నమోదు తేదీ. చేసిన తేదీ కాదు, తెచ్చిన తేదీ కూడా కాదు. దాన్ని తయారీ తేదీగా రాస్తే మూడు శతాబ్దాల జీవితం ఒక్క దెబ్బకు పోతుంది. ఒక సంగ్రహకర్తకూ మరో సంగ్రహకర్తకూ మధ్య ఇరవై ఏళ్లు ఖాళీ ఉంటే దాన్ని ఊహతో పూడ్చకండి. ఖాళీ ఉందని రాసి, ఆ కాలంలో అలాంటి వస్తువులు సాధారణంగా ఏ దారిన చేతులు మారాయో చెప్పి ఆగండి.

ప్రశ్న: బతికున్న చిత్రకారుడితో ఇంటర్వ్యూ చేశాను. ప్రతి ఆకృతికీ ‘దీని అర్థమేమిటి’ అని అడిగాను. ‘పెద్దవాళ్లు ఇలాగే వేసేవాళ్లు’ అనే జవాబు తప్ప ఏమీ రాలేదు. ఫీల్డ్ వర్క్ వృథా అయినట్టేనా?

జవాబు: వృథా కాలేదు, ప్రశ్నలు మార్చాలంతే. చిత్రం ఎప్పుడూ మాటల్లోకి మారుతుందన్నది మన నమ్మకం, వాళ్లది కాకపోవచ్చు. న్యూగినియాలోని అబెలామ్ ప్రజల చిత్రాలు పరిశీలించిన ఆంథొనీ ఫోర్జ్ గమనించింది ఇదే: వాళ్ల చిత్రాలు ఏ కథకూ బొమ్మలు కావు, చిత్రకారులు వాటిని మాటల్లో వివరించరు. అర్థం బొమ్మకూ బొమ్మకూ మధ్య ఉన్న సంబంధాల్లో ఉంది. మరోవైపు ఆస్ట్రేలియా వాల్బిరి ప్రజల్లో నాన్సీ మన్ చూసింది వేరు. ఇసుకలో గీసే ఒక వలయం విడిది కావచ్చు, నీటిగుంట కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. కథ చెబుతూ గీస్తుంటేనే వీటిలో అది ఏదన్నది తెలుస్తుంది. అక్కడ గీత చెరిగిపోయాక ‘అర్థం’ అడిగితే ఏం చెబుతారు?

కాబట్టి ఈసారి పని జరుగుతుండగా వెళ్లండి. మొదటి గీత నుంచి చివరి దాకా 15 నిమిషాలకోసారి ఒక ఫోటో, పక్కన సమయం. ఏ వరుసలో గీశారు, ఎక్కడ ఆగి ఆలోచించారు, ఏది చెరిపారు. తర్వాత ఒకేలా ఉన్న రెండు పనులను పక్కపక్కన పెట్టి ‘వీటిలో ఏది బాగా కుదిరింది, ఏది చెడింది’ అని అడగండి. అర్థం చెప్పలేనివాళ్లు కూడా తప్పును ఇట్టే పట్టి చూపిస్తారు. ఆ సౌందర్యశాస్త్రమంతా ఆ తప్పుల జాబితాలో ఉంటుంది. ‘నేర్చుకునేవాళ్లు మొదట ఎక్కడ పాడుచేస్తారు’ అన్నది మరో మంచి ప్రశ్న. ‘ఇది శక్తికి ప్రతీకేనా’ అని మాత్రం అడగకండి. మర్యాదకు అవునంటారు, మీరు దాన్ని రాసుకుంటారు, అది వాళ్ల మాటగా చలామణీ అవుతుంది.

గంట రికార్డింగును కాగితం మీదికి దించడానికి నాలుగైదు గంటలు పడుతుంది. గడువుకు రెండు రోజుల ముందు మూడు గంటల ఆడియోతో కూర్చుంటే లాభం లేదు. ఫీల్డ్ నోట్సు అదే రోజు రాత్రి పూర్తిగా రాయాలి. మర్నాటికి వాసనలు, చేతి కదలికలు, పక్కనుంచి ఎవరో అన్న మాటలు పోతాయి.

అనుమతి మూడింటికి విడివిడిగా తీసుకోండి: మాట రికార్డు చేయడానికి, పని ఫోటో తీయడానికి, ఆ ఫోటోను ఇతరులకు చూపడానికి. ‘సరే’ అన్నది మొదటిదానికే కావచ్చు. ఇది లాంఛనం కాదు. 1971లో ఆస్ట్రేలియాలోని పాపున్యాలో ఎడారి చిత్రకళ మొదలైన తొలినాళ్లలో కొన్ని చిత్రాల్లో అందరూ చూడకూడని విషయాలు ఉన్నాయని పొరుగు సమూహాలు అభ్యంతరం చెప్పాయి. తర్వాత చిత్రకారులు అలాంటివి తగ్గించారు, కప్పేశారు. 1994లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ముందుకు వచ్చిన తివాచీల కేసులో ఆదివాసీ చిత్రకారుల పనులను అనుమతి లేకుండా తివాచీల మీద నేయించారు. వారిలో ఒకరైన బండుక్ మరిక చిత్రించిన పవిత్ర స్థలం కాళ్ల కింద తొక్కే వస్తువైంది. తీర్పు చిత్రకారులకు అనుకూలంగా వచ్చింది. మీ ప్రెజెంటేషన్ స్లయిడు కూడా ఒకసారి ఇంటర్నెట్‌లోకి వెళ్లాక మీ చేతిలో ఉండదు.

ప్రశ్న: గ్రూపు ప్రాజెక్టుగా చిన్న ప్రదర్శన రూపొందించాలి. ఐదు వస్తువులు, ఐదు లేబుళ్లు. తెల్లగోడ ముందు ఒంటరిగా పెట్టాలని సగం మంది, చుట్టూ సందర్భం చూపాలని సగం మంది కొట్టుకుంటున్నాం.

జవాబు: ఆ కొట్లాటనే ప్రదర్శనగా పెట్టండి. 1988లో న్యూయార్క్‌లో ప్రదర్శన నిర్వాహకురాలు సూసన్ వోగెల్ చేసిన పని అలాంటిదే. మధ్య ఆఫ్రికాకు చెందిన జాండే ప్రజల వేటవలను చుట్టగా కట్టినది కట్టినట్టే, తెల్లటి గదిలో ఆధునిక శిల్పంలా ప్రదర్శించింది. చూసినవాళ్లలో కొందరు దాన్ని కళ అనుకున్నారు. తత్వవేత్త ఆర్థర్ డాంటో ఆ వల కళ కాదని వాదించాడు. జెల్ 1996లో దానికి ఎదురు వాదన రాశాడు: వేటగాడి తెలివి, జంతువు అలవాటు రెండూ వల ఆకారంలోనే ఇమిడి ఉన్నాయి, అంతకన్నా లోతైన ఆలోచన కళాకృతిలో ఏముంటుంది అని.

మీరూ ఐదులో ఒక వస్తువును రెండుసార్లు చూపండి: ఒకసారి దీపం కింద ఒంటరిగా, ఒకసారి వాడుకలో ఉన్న ఫోటోతో. దానికి మాత్రం మూడు లేబుళ్లు రాయండి, ఒక్కొక్కటి 60 నుంచి 80 పదాలు. మొదటిది కళా మ్యూజియం రాసినట్టు: పేరు, కాలం, రూపం. రెండోది మానవశాస్త్ర మ్యూజియంలా: ఎవరు, ఎప్పుడు, దేనికి వాడతారు. మూడోది అది ఇక్కడికి ఎలా చేరిందన్నది. మూడోది రాయడమే కష్టం, మార్కులు కూడా అక్కడే. 80 దాటితే నిలబడి చదివే ఓపిక ఎవరికీ ఉండదు. గోడ మీద అంటించే ముందు గ్రూపులో లేనివాళ్లెవరికైనా బయటికి చదివించండి, తట్టుకున్న చోటల్లా వాక్యం విరగ్గొట్టండి.

ఐదింటిలో ఏదీ చూపకూడనిది కాదని ముందే తేల్చుకోండి. అమెరికాలోని జూని ఆదివాసీల యుద్ధదేవతల కొయ్యలు బహిరంగ పీఠాల దగ్గర ఎండకూ వానకూ శిథిలం కావడానికే చెక్కినవి. మ్యూజియం వాటిని అద్దాల్లో భద్రపరచడమే వాళ్ల దృష్టిలో అపచారం. 1978 నుంచి అడిగి అడిగి చాలా వాటిని వెనక్కి తెచ్చుకున్నారు. అలాంటి వస్తువు మీ జాబితాలో ఉంటే ఆ చోటును ఖాళీగా వదిలి, ఎందుకు ఖాళీగా ఉందో లేబుల్‌లో రాయండి. ఫోటో కూడా పెట్టకండి.